దండాసి డి.టి.పి.

ఏడురోడ్ల కూడలి నుంచి ఏ రోడ్డు పట్టినా
తిన్నగా మా షాపుకి రాలేరు.
సందులోకి తిరగాలి. బ్యాటరీల కొట్టు వెనక,
మెట్ల కింద, రెండు కుర్చీలు, ఒక జెరాక్సు, నేను.
పందొమ్మిదేళ్లుగా ఇక్కడే టైపు కొడుతున్నాను.

మా యజమాని దండాసి గారికి
పాత విండోస్ అంటే పాత బనీను మీదున్నంత ప్రేమ.
చిరిగినా ఒంటికి చల్లగా ఉంటుందంటాడు.
తెరమీద ఆ పచ్చటి గుట్ట, నీలి ఆకాశం
శాలిహుండం కొండేనని,
ఎవరో వానలు పడ్డాక ఫొటో తీశారని
చాలా ఏళ్లు నమ్మేశాడు మనిషి.
"ఇదొగ్గీసి నానెక్కడికీ రాను."

ఎదుటి స్టూడియో పాత్రో గారిది ఆపిల్.
తుడవడానికి దానికో ప్రత్యేకమైన గుడ్డ.
చెప్పులు బయటే విప్పాలి.
పెళ్లికూతురి ముక్కుపుడక
అందులో మెరిసినట్టు ఇంకెందులోనూ మెరవదట.
"మీది కంప్యూటరు కాదమ్మా, కుట్టుమిషను" అంటాడు.
వాయిదా కట్టే రోజున మాత్రం
దాని పేరెత్తడు.

ఇక తవిటినాయుడు.
పాలిటెక్నిక్ కుర్రాడు.
ఆమదాలవలస బస్సులో వస్తూ వస్తూ
పక్క సీటు ముసలాయనకి కూడా లినక్స్ గురించి చెప్పేస్తాడు.
"డబ్బులక్కర్నేదక్కా! ఎవుడిదీ కాదు, అందరిదీ!"
అలాంటిది నాకు ఒక్కటే తెలుసు, నాగావళి ఇసుక.
దాని సంగతేమైందో
ఊరందరికీ తెలుసు.

మొన్న కార్తీకంలో తుపాను గాలికి
కరెంటు పోయి, వచ్చి, పోయి, వచ్చి
మా పచ్చగుట్ట మళ్లీ రాలేదు.
నీలం తెర. తెల్ల అక్షరాలు.
దండాసి గారు డబ్బా మీద చెయ్యేసి చూశాడు,
బిడ్డకి జ్వరం చూసినట్టు.

లోపల ఒక పెద్దకర్మ కార్డు ఉండిపోయింది.
గార నుంచి వచ్చిన గవరమ్మ బెంచీ మీద ఉంది.
ఆఖరి బస్సు ఎన్నింటికని మూడోసారి అడిగింది.

తవిటినాయుడు జేబులోంచి పెన్‌డ్రైవు తీశాడు,
భూతవైద్యుడు విభూతి తీసినట్టు.
అయిదు నిమిషాలు.
ఫైళ్లన్నీ ఉన్నాయి.
దండాసి గారి ముఖం అప్పుడు చూడాలి,
ప్రాణం పోసిన డాక్టరు
అవతలి పార్టీవాడని తెలిసినట్టు.

కార్డు తెరిచాం.
నీళ్లు పోసిన చీమల పుట్ట.
గుడులు ఒకచోట, కొమ్ములు ఒకచోట,
నడుమ ఒక డాలరు గుర్తు.
స్వర్గస్థులైనారు అని ఉండాల్సిన చోట
ఇంగ్లీషులో ఎవరో తుమ్మారు.

"సూసినావా నీ ఉచితం!"
"తప్పు లినక్స్‌ది కాదు బాబూ, మీ పాత ఫాంటుది!
యూనికోడ్‌లో కొట్టుంటే..."
"నేనెప్పుడో చెప్పాను" గుమ్మంలోంచి పాత్రో గారు.
పోయినాయన ఊసు
ముగ్గురిలో ఒక్కరికీ లేదు.

చెప్పులు విప్పి
ఆపిల్ ముందు కూచున్నాను.
నా వేళ్లు వెతికిన చోట ఏ మీటా లేదు.
రెండుసార్లు అంతా పోగొట్టి
మూడోసారి అచ్చు తీశాను.
కాగితం, అక్షరం, అంచు, అన్నీ అందమే.

గవరమ్మకి చదువు రాదు.
రేషను కార్డు తీసి
మొగుడి పేరు మీద వేలు పెట్టింది.
తర్వాత మా కార్డు మీద.
వేలు ఇటూ అటూ నడిచి, ఆగిపోయింది.
"సివర్న కింద సిన్న తోకుంటాది గదమ్మా.
ఇదెవులి పేరు?"

కూర్మన్న.
నేను కొట్టింది కూర్మన.
ముగ్గురూ తలలు వంచి చూశారు.
ఒక్క నిమిషం
ఏ సిస్టమూ ఎక్కువ కాలేదు.

ఒక్క నిమిషమే.
ఆవిడ ఎక్కిన బస్సు కూడలి దాటకముందే
మళ్లీ మొదలెట్టారు.

ఇప్పుడు మా షాపులో లినక్సే.
పాత ఫాంట్లు ఎలాగో ఎక్కించాడు తవిటినాయుడు.
నేనింకా లేని చోట స్టార్ట్ బటన్ నొక్కుతూనే ఉన్నాను.
ఏ కార్డు వచ్చినా ముందు తోకలు చూస్తాను.

తెరమీద మాత్రం శాలిహుండం కొండే ఉండాలని
దండాసి గారు పట్టుబట్టి పెట్టించాడు.
వచ్చినవాళ్లకి
"కొత్త విండోసు, బాగుంది గదా" అని చూపిస్తాడు.
తవిటినాయుడు నా వైపు చూస్తాడు.
నేను జెరాక్సులో కాగితాలు సర్దుకుంటాను.